గోదారి జరిపిన గీత

గోదారి మధ్యనున్న మా లంకలో చేలు ఒకచోట ఉండవు. వరద వచ్చినప్పుడల్లా గోదారి పడమటి గట్టు కోసి, తూర్పున ఒండ్రు వేస్తుంది. నీళ్లు తీశాక రైతులందరం తాడు పట్టుకుని, మెరక మీదున్న చర్చి మెట్టు దగ్గర్నుంచి మళ్లీ కొలుచుకుంటాం. నష్టం ఒక్కరి నెత్తిన పడకుండా అందరి చేలూ వరసగా తూర్పుకి జరుపుకుంటాం. ఇదంతా నోటిమాట మీదే నడిచేది.

నేను యాభై దాటాక చదువు నేర్చుకున్నాను. నేర్పింది మా కోడలు. బడిలో సోషల్ చెబుతుంది. ఒకరోజు తన పుస్తకంలో తొలినాళ్ల అమెరికా పటాలు చూపించింది. కొత్తగా వచ్చినవాళ్లు పడమటికి పోయేకొద్దీ ఒక్కో పటంలో హద్దు ఒక్కోచోట ఉంది. అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ల చేలు ఎక్కడని అడిగాను.

"వాళ్ల చేలు ఈ పటాల్లో గీయలేదండి అత్తయ్యగారూ. గీసినోళ్లే తీసుకున్నారు" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ ఏడు నుంచి వరదకొక పేజీ గీశాను. చర్చి మెట్టు నుంచి ఎన్ని బారలు, ఎవరి చేను పక్కన ఎవరిది, అన్నీ రాశాను. అక్షరాలు వంకరే. కొలత వంకర కాదు.

మొన్న వేసవిలో సర్కారువారి భూముల రీసర్వే వచ్చింది. సర్వేయరుగారు పాత పటం చూసి నా అరెకరం ఏట్లో ఉందని, నదిగానే రాయాలని చెప్పారు. అప్పుడు మేం నిలబడింది నా వంగతోటలో.

"మరి పొద్దున్న నేను కోసిన వంకాయలు గోదాట్లో కాసేయాండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆధారం ఏముందని అడిగారు. నా నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. పేజీలు తిప్పి చూసి, చర్చి మెట్టు దగ్గర మిషను నిలబెట్టి కొలిచారు. చివరి పేజీలో నేను గీసిన చోటే నా చేని గట్టు తేలింది. పక్క చేలూ అంతే. పుస్తకం ఆఫీసుకి పట్టుకెళ్తానన్నారు.

"పుస్తకం ఇవ్వనండి. ఇక్కడే కూచుని మీ కాయితాల్లోకి ఎక్కించుకోండి" అన్నాను.

ఆయన కొబ్బరి దుంగ మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎక్కించుకున్నారు. నా అరెకరాన్ని చేనుగానే రాశారు. నా రాత అర్థం కానిచోటల్లా ఆగి అడిగారు. నేను పక్కన నిలబడి చదివి చెప్పాను.