పన్నెండో కొక్కెం

స్టుట్‌గార్ట్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేస్తున్న ప్రతిమ, చివరి ఆరు నెలలు థీసిస్ పని మీద ఒక చిన్న కంపెనీకి వెళ్లేది. ఎస్-బాన్ రైల్లో నలభై నిమిషాల దారి. లేవలేని మనుషుల్ని మంచం మీంచి ఎత్తి కుర్చీలోకి దించే లిఫ్టులు అక్కడ తయారవుతాయి. మనిషిని మోసే పట్టీలన్నీ ఒకే ఉక్కు కొక్కేనికి వేలాడతాయి. ఆ కొక్కెం ఎంతకాలం ఆగుతుందో తేల్చడమే ప్రతిమ పని.

నిజామాబాద్‌లో తోటివాళ్లంతా కంప్యూటర్స్ తీసుకున్నప్పుడు, "మెకానికల్ ఆడపిల్లలకెందుకు?" అని చుట్టాలు అడిగారు. మోటార్లు బాగుచేసే తండ్రి జనార్దనరావు ఒక్కడే అడగలేదు.

మెషీన్ ఒక్కో కొక్కెం మీద లక్షసార్లు బరువు వేసి తీయాలి. పదకొండు కొక్కేలు నిలిచాయి. పన్నెండోది నలభై ఒక్క వేల దగ్గర పగిలిపోయింది. ప్రతిమ మెషీన్ని మళ్లీ మళ్లీ సరిచూసింది. అందులో తప్పేమీ లేదు.

కంపెనీలో ఆమె గైడ్ క్రామర్ రిపోర్టు చదివి కళ్లజోడు తీశాడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. తన తోటలో కాసిన ఆపిల్ పళ్లు ప్రతిమకు తెచ్చిచ్చేవాడు.

"ఆ ఒక్కదాన్ని పోత పోయడంలో ఏదో లోపం ఉండి ఉంటుంది. పట్టికలోంచి తీసేయండి."

"కోసి చూద్దామా, హెర్ క్రామర్?"

"అంత టైం లేదు. వచ్చే నెల ఇక్కడ మీ ఉద్యోగం కాంట్రాక్టు కూడా చూడాలి కదా," అన్నాడు మెల్లగా.

రూమ్‌మేట్ శ్రావ్యకు చెబితే కోప్పడింది. "పదకొండు మంచిగున్నయ్ కదనే! ఒక్కటి తీసేస్తే ఏమైతది? ఈ జాబ్ పోతే మళ్ల బ్లూకార్డ్ వీసా ఎట్ల?"

"ఏమైతదో తెల్వదు శ్రావ్యా. అదే నా భయం."

శనివారాలు ప్రతిమ ఒక వృద్ధాశ్రమంలో భోజనాలు అందించేది. ఆ వారం నర్సు, అక్కడుండే లేవలేని ముసలావిడ ఫ్రావ్ వెబర్‌ను లిఫ్టుతో ఎత్తుతోంది. లిఫ్టు వేరే కంపెనీది. కాళ్లు పరుపు విడిచాక ఆవిడ ఎప్పట్లాగే ప్రతిమ చెయ్యి పట్టుకుంది.

"పడిపోను కదా?"

ప్రతి శనివారం "పడరు" అని చెప్పే ప్రతిమ ఆ రోజు తలెత్తి పైనున్న కొక్కెం వైపు చూసింది. నర్సే చెప్పింది.

సోమవారం పొద్దున్నే వెళ్లి క్రామర్‌తో, "పన్నెండూ రాస్తున్నాను. మీ వెనకాల రాయడం ఇష్టం లేక ముందే చెప్తున్నా," అంది.

ఆయన రిపోర్టు మూసి ఆమె వైపు జరిపాడు. "మీ ఇష్టం," అన్నాడు. ఆ తర్వాత పళ్లు తేలేదు.

యూనివర్సిటీలో థీసిస్ చూసే ప్రొఫెసర్ లిండె ఆ కొక్కేలను కోయించి చూసింది. నిలిచిన పదకొండింటిలోనూ రెండింట్లో సన్నని పగుళ్లు మొదలై ఉన్నాయి. తయారీలోనే ఉక్కును సరిగా కాచలేదు. ఆవిడ కంపెనీకి గట్టిగా ఉత్తరం రాసింది. రెండు నెలలకు, అమ్మిన ఆ బ్యాచ్ కొక్కేలన్నిటినీ కంపెనీ వెనక్కి తెప్పించింది. ప్రతిమకు మంచి మార్కులు వచ్చాయి. కాంట్రాక్టు మాత్రం రాలేదు. క్రామర్‌ను రిటైర్మెంటుకు ముందే ఇంటికి పంపేశారని తెలిసి, ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు.

కంపెనీ వాళ్లు థీసిస్‌ను గోప్యమన్నారు. అందులో ఏముందో బయట చెప్పనని ప్రతిమ మొదట్లోనే సంతకం పెట్టింది.

పోయిన వారం ఇంకో ఊళ్లో ఇంటర్వ్యూ. లెక్కల ప్రశ్నలన్నిటికీ బాగానే జవాబులు చెప్పింది. చివర్లో మేనేజర్, "థీసిస్ చేసిన చోటే ఉద్యోగం ఎందుకివ్వలేదు?" అని అడిగాడు.

"అది చెప్పడానికి నాకు అనుమతి లేదు," అంది ప్రతిమ.

ఆయన తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇంకా జవాబు రాలేదు.