దోఖేబాజ్ రాయి

మా జియాలజీ సార్ మొన్న పోయారు. లాల్‌దర్వాజాలో మా పక్క వాటా ఆయనది. పాతబస్తీ కాలేజీలో ఆయన రాళ్ళ గురించి చెప్తే, నేను రాజుల గురించి చెప్పేవాణ్ణి. సంతాపసభలో మా మాజీ ప్రిన్సిపాల్ ఆయన్ను అజాతశత్రువన్నాడు. అబద్ధం. ఆయనకు ఒక శత్రువుండేవాడు. ఆ రోజు మైకు పట్టుకున్నది అతనే.

తొంభైలలో కంప్యూటర్ల మోజు మొదలైంది. జియాలజీ ల్యాబు ఎత్తేసి అక్కడ కంప్యూటర్లు పెడతానన్నాడు ప్రిన్సిపాల్. "గా రాళ్ళు పాతసామాన్ల కబాడీకి ఎయ్యుండ్రి సార్. బొమ్మలు సూపిస్తె సాలదా?" తన మాటకు బలంగా ఒక పెద్ద ప్రొఫెసర్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

ఆ ప్రొఫెసర్ అల్మారాలో నల్లగా తళతళలాడే రాయిని ముట్టుకోకుండానే, "గెలీనా. సీసం ఖనిజం. చూస్తేనే తెలిసిపోతోంది, ల్యాబెందుకు?" అన్నాడు.

సార్ నవ్వారు. "జర చేత్ల వట్టుకోండ్రి. సీసముంటే గింత అల్కగ ఉంటదా?"

నున్నగా లేని పింగాణీ పలక మీద దాన్ని గీయించారు. గెలీనా అయితే బూడిదరంగు గీత పడాలి. లేత పసుపు గీత పడింది. రాయి కొస నూరి యాసిడ్ పోశారు. కుళ్ళిన కోడిగుడ్ల కంపు గుప్పుమంది.

"ఇది స్ఫాలరైట్. గ్రీకుల దాని మతలబు దోఖేబాజ్, మోసగాడు. ఎనకట జర్మనీ గనులోళ్ళు సుత 'బ్లెండ్' అని గదే తిట్టు తిట్టిండ్రు. సీసమనుకొని కరిగిచ్చిండ్రు, సీసం రాలె. రాయేం దోఖా జేసింది సార్? కడుపుల జింకు వెట్టుకొని గమ్మున కూసుంది. తొందర ఆళ్ళది, బద్నాం దీనికి!"

నేను చాలా గ్రంథాలు చదివాను. మనుషుల చరిత్రను ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. నా మీద స్టాఫ్‌రూములో చాడీలు లేచినప్పుడు కూడా, చెప్పినవాళ్ళను ఆయన అడిగింది ఒకటే: "గీసి చూసినవా భాయ్?" అడిగించుకున్నవాళ్ళలో ఇద్దరు ఈ పత్రిక చదువుతారు. చదవనీ.

ప్రొఫెసర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. అయినా మనిషి నిజాయితీపరుడు. "నేనే చూసి మోసపోయాను. ఈ ల్యాబు ఉండాల్సిందే," అని అక్కడే తేల్చేశాడు.

అప్పటికే వచ్చి ఉన్న కంప్యూటర్ల అట్టపెట్టెలు అప్పటికప్పుడు ప్రిన్సిపాల్ గదిలోకే చేరాయి. అక్కడిదాకా పాకిన కంపుకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వాటి మధ్యనుంచి పక్కవాటుగా దూరి కుర్చీలో కూర్చున్నాడాయన. ఇవతల, ఎత్తేయకుండా నిలిచిన ల్యాబులో, మా సార్ కళ్ళు మూసుకుని ఆ కంపును గుండెలనిండా పీల్చుకుంటున్నారు, గుడిమల్కాపూర్ పూలబజారు మల్లెల బుట్టలో ముఖం పెట్టినట్టు.