ఎదురు దుకాణం

పురుషోత్తానికి వీణ అంటే కడుపుమంట. ఈ సంగతి మా కాలేజీలో నాకొక్కడికే తెలుసు. నేను లైబ్రేరియన్‌ని. వీణ రాసిన ప్రతి పరిశోధన పేపరూ ఆయనకు ప్రింటు తీసి ఇచ్చింది నేనే.

"ఆమె మళ్ల ఏందో రాసిందట. జర తీసియ్యి భాయ్" అనేవాడు, ఏదో దారిన పోతూ గుర్తొచ్చినట్టు. ఆ తరువాత కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని గంట కొట్టేదాకా చదివేవాడు. చరిత్ర చెప్పే మనిషి, చదివేది వృక్షశాస్త్రం. అర్థం కాని మాట తగిలితే డిక్షనరీ అడిగేవాడు. అంత శ్రద్ధగా మా పీజీ పిల్లలు కూడా చదవరు.

ఆయనది బేగంబజార్. ఇత్తడి, స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం తాతనాటిది, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. గద్దె మీద కూర్చోవలసిన పెద్దకొడుకు చదువులంటూ బయటపడ్డాడని తల్లి నాగమణమ్మకు ఇప్పటికీ గుర్రే. ఇన్నేళ్లు చదివి ఏం అమ్ముతున్నావురా అని అడుగుతుందట.

వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ సొంత గిరాకీ కంటే ఎదురు దుకాణం గిరాకీనే ఎక్కువ చూసేవాడట. అక్కడ ఎవరు మెట్టెక్కారు, ఏ బండి ఆగింది, ఎంత సరుకు కదిలింది, అన్నీ ఆయనకు కావాలి. ఎదురువాడు ఉర్దూ బోర్డు కింద తెలుగు రాయిస్తే నెల తిరక్కుండా ఈయనా రాయించాడు. వాడు ఇంగ్లిషు పెడితే ఈయన ఇంకా పెద్ద అక్షరాల్లో ఇంగ్లిషు పెట్టించాడు. పురుషోత్తం పరిశోధన అక్కడే పుట్టింది. బేగంబజార్, అఫ్జల్‌గంజ్ దుకాణాల పాత ఫోటోలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాడు. బోర్డుల మీద భాషలు ఎప్పుడెప్పుడు మారాయో చూశాడు. సర్కారు చెబితే మారలేదు, ఎదురు దుకాణాన్ని చూసి ఓర్వలేక మారాయి అని తేల్చాడు. చాయ్ తాగినప్పుడల్లా నాకు వినిపించేవాడు. మంచి మాటే. అచ్చయి ఏళ్లయినా ఎవరూ పట్టించుకోలేదు.

ఇక వీణ. చాంద్రాయణగుట్ట నుంచి బస్సులో వచ్చేది. నాన్న ఆర్టీసీ డ్రైవరు. మా కాలేజీలో చేరి ఏడేళ్లయింది. పాతబస్తీ గోడల పగుళ్లలో మొలిచే రావిమొక్కల మీద ఆమె పని. రెండో ఏడే ఎక్కడో బహుమతి వచ్చింది. తరువాత పుణె నుంచి పిలుపు, ఆ తరువాత దినపత్రికలో ఫోటో. ఫోటో వచ్చిన రోజు స్టాఫ్‌రూంలో మైసూర్‌పాక్ పంచారు. పురుషోత్తం తన ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, తినబుద్ధి కాలేదన్నాడు.

"రావిమొక్క మీద రాస్తే సైన్స్ అయితదా భాయ్? మా గోడకు గూడ మొలిచింది. నేను రోజు పీకుతున్న" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

మొన్న డిసెంబరులో మా కాలేజీలో రెండు రోజుల సదస్సు పెట్టారు. పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్లకూ, నడిమధ్యలో ఆగిపోయినవాళ్లకూ చేయూతనివ్వాలని ఉద్దేశం. ఏ శాఖవాళ్లయినా రావచ్చు. పదేళ్లు నిండనివాళ్లంతా కొత్తవాళ్ల లెక్కే, వాళ్ల బ్యాడ్జీకి పచ్చతాడు, నడిమివాళ్లకు నీలంతాడు. పెట్టినవాళ్లెవరో గానీ ఒక వింత నియమం పెట్టారు. ఎవరి పని వాళ్లు చెప్పుకోకూడదు. చీటీలు తీసి పచ్చతాడుకీ నీలంతాడుకీ జత కడతారు. ఒకరి పని ఇంకొకరు, బయటిశాఖవాళ్లకు అర్థమయ్యేట్టు ఐదు నిమిషాల్లో చెప్పాలి. చివర్లో ఎవరి పని నచ్చిందో చూసి సభ చేతులెత్తి ఒక్కరిని ఎంచుకుంటుంది. మర్నాడు ఆ ఒక్కరికి వేదిక మీద గంటసేపు.

ఆ గంట కోసం పురుషోత్తం చిన్నపిల్లాడిలా ఆశపడ్డాడు. చూపించాల్సిన బోర్డుల ఫోటోలు వరసగా పెట్టుకుని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకు తిరిగాడు.

సదస్సుకు ముందురోజు సాయంత్రం చీటీలు తీశారు. ఆయన జత వీణ.

వీణ సంతోషపడింది. ఆయన తిన్నగా లైబ్రరీకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మొహం వెలిగిపోతోంది. ఆమె పనిలో ఒక లోపం ఉందని రెండేళ్లుగా ఆయనకు తెలుసట. గోడలన్నీ వానలు పడ్డాకే చూసింది తప్ప ఎండాకాలంలో ఒక్కసారీ చూడలేదు. చివరి అరనిమిషంలో ఆ మాట నలుగురిలో అనేస్తే ఆ గంట ఆమెకు దక్కదు.

"మరి మీ గురించి చెప్పేది గూడ ఆమెనే కద సార్" అన్నాను.

"నా పని ఆమెకు తెల్వదా? ఒకటే స్టాఫ్‌రూం. రోజు ఎదురుంగనే కూసుంటం" అన్నాడు.

మర్నాడు ముందు ఆయనే లేచాడు. చేతిలో కాయితం లేదు. గోడను మొక్క పగలగొడుతుందని మనమందరం అనుకుంటామనీ, వీణ మేడం గోడల దగ్గరికి పోయి చూసిందనీ మొదలుపెట్టాడు. వేరు దిగకముందే ఆ చోట సున్నం చచ్చిపోయి ఉంటుందని ఆమె ఎలా కనిపెట్టిందో చెప్పాడు. ఏ పేపర్లో ఏ గోడో, ఏ ఏడు ఏ మాట మార్చుకుందో, ఎందుకు మార్చుకుందో చెప్పాడు. గణితంవాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు. నేను ఆ చివరి అరనిమిషం కోసం గడియారం చూస్తున్నాను.

"మొక్క గోడను కూల్చదు. కూలబోయే చోటు మనకు ముందుగాల చూపిస్తది. కాని ఎండాకాలంల ఏమైతదో ఈమె ఇంకా చూడలే" అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట ఆయన నోట్లోనే వేరే దారి పట్టినట్టుంది. "చూస్తే, ఏ గోడ ఎన్నేండ్లు నిలుస్తదో చెప్పగలుగుతది. అది మన పాతబస్తీకి కావాలె" అని ముగించాడు.

చప్పట్లు ఆగలేదు. ఆయన కిందికి దిగి, తనేం చేశాడో అప్పుడే తెలిసినట్టు నా వైపు చూశాడు.

తరువాత వీణ లేచింది. సార్ తనకు సొంత అన్నలాంటివాడంది. చేరిన కొత్తలో తనకు ఎవరూ తెలియకపోతే చాయ్ ఇప్పించాడనీ, ఎవరినీ ఒక్క మాట అనడనీ, అంత నెమ్మదస్తుణ్ని చూడలేదనీ చెప్పింది. ఆ తరువాత చేతిలో చీటీ చూసుకుంది. దాని మీద చోటు చాలక పేపరు పేరు సగమే రాశారు: బోర్డు మీద రాత.

"సార్ బోర్డుల మీద పనిచేస్తున్నరు. మనం క్లాసుల చాక్‌పీసు పట్టి రాస్తం కద, ఆ రాత పిల్లల మనసుల ఎట్ల నిలుస్తదని సార్ పరిశోధన. మనందరికీ పనికొచ్చేది" అంది.

నాకు ఒళ్లు మండింది. పక్కకు తిరిగి చూస్తే పురుషోత్తం చిరునవ్వుతోనే ఉన్నాడు, ఆ నవ్వు తీసేయడం మరిచిపోయినట్టు. సభ మర్యాదగా చప్పట్లు కొట్టింది. అది తప్పని అక్కడ ఎవరికీ తెలియదు. చేతులెత్తమంటే దాదాపు అందరూ వీణకే ఎత్తారు.

భోజనాల దగ్గర ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దాయన, డిజిటల్ బోర్డులు వచ్చాక చేతిరాత ఏమవుతుందని ఈయన్ని అడిగాడు. పురుషోత్తం కాదనలేదు. చాక్‌పీసు గురించి ఏవో నాలుగు మాటలు మర్యాదగా చెప్పి పంపాడు.

అంతలో వీణ వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నేండ్లల నా పేపర్లన్ని చదివినోళ్లు మీరొక్కరే సార్. మా ఇంట్ల గూడ చదవరు. మీ గురించి నేను మంచిగనే చెప్పిన కద?"

ఆ పిల్లలో కల్లాకపటం లేదు. అదే ఇంకా కష్టం.

"మంచిగనే చెప్పినవమ్మా" అన్నాడు పురుషోత్తం.

సాయంత్రం ఇద్దరం గేటు దాకా నడిచాం. ఆయన బ్యాడ్జీ తీసి నీలంతాడు వేలికి చుట్టుకున్నాడు. నేను ఆమెనే తిట్టబోయాను. ఏడేళ్లు ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడగలేదా అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా బాపు దిక్కు ఎదురు దుకాణపాయన గూడ చూసేటోడు భాయ్. ఆయన బోర్డు మారిస్తె ఈయన, ఈయన మారిస్తె ఆయన. ఇద్దరు ఒకర్ని చూసి ఒకరు కుళ్లుకుని బతికిన్రు. నేను ఏడేండ్ల సంది ఆమెను చూసి కుళ్లుకున్న. నన్ను చూసి ఆమె ఒక్క దినమన్న కుళ్లుకోలే. నాకు ఎదురు దుకాణమే లేదు."

అఫ్జల్‌గంజ్ వైపు పోయే ఆటో ఆగింది. ఎక్కబోయి వెనక్కి తిరిగాడు.

"రేపు ఆమె ఏం చెప్తదో, ఆ పేజీలు ఇయ్యాల్నే దొరుకుతయా?"

దొరుకుతాయన్నాను.