మనవడి చెవిలో స్ట్రైకర్

నల్లసముద్రం ఒడ్డునున్న మా దెరెయాలిలో యాకుప్ కత్తి కిందికి రాని గడ్డం లేదు. రేవు వీధిలో ఎన్నాళ్లుగానో అదే కొట్టు, అదే కుర్చీ, గోడ మీద అదే జట్టు ఫొటో. మనిషి మంచివాడు, చెయ్యి చాలా తేలిక. మొండితనం మాత్రం సముద్రమంత. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు; నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా అది తోకంటాడు. భార్య హవ్వా అతనితో వాదించడం పెళ్లయిన కొత్తలోనే మానేసింది.

ఇలాంటి మనిషికి దేవుడు దెరెయాలిస్పోర్ ఫుట్‌బాల్ జట్టు మీద ప్రేమ కూడా ఇచ్చాడు. మా జట్టు సంగతి చెప్పుకుంటే సిగ్గు. బంతిని గోలు దాకా తీసుకెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, లోపలికి తన్నేవాడే లేడు. అందుకే ఆ వేసవిలో బ్రెజిల్ నుంచి వాండర్లీనో అనే స్ట్రైకర్ వస్తున్నాడని తెలిసేసరికి ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. కొత్త ఆటగాడు దిగుతుంటే విమానాశ్రయానికి వెళ్లకపోవడం మాలో చావుకు వెళ్లకపోవడంతో సమానం. హేజల్‌నట్ బస్తాలు మోసే లారీలెక్కి, డోలూ సన్నాయీ పట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాం. విమానం ఆలస్యమైంది. అది వచ్చేదాకా చేతులు పట్టుకుని హోరోన్ నృత్యమాడుతూ, ఎగురుతూ, "వాండర్లీనో, వాండర్లీనో" అని అరుస్తూనే ఉన్నాం. అతగాడు బయటికి రాగానే యాకుప్ భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పైన కూర్చుని అతను ఏడ్చాడు. ఆనందబాష్పాలనుకున్నాం.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే యాకుప్ ఇంట్లో మనవడికి పేరు పెట్టాలి. పేరు ముందే ఖాయమైంది, ఇద్రిస్. కోడలు గులిజార్ తండ్రి ఇద్రిస్ సరంగుని కిందటి చలికాలం పడవతో సహా సముద్రం మింగేసింది. శవం దొరకలేదు, సమాధి లేదు. కనీసం ఆ పేరైనా ఇంట్లో తిరుగుతూ ఉండాలని గులిజార్ ఆశ. మాటిచ్చింది ఎవరో కాదు, యాకుపే.

చుట్టాలంతా బక్లావా మిఠాయి పళ్లేల ముందు కూర్చుని అతని కోసం చూస్తున్నారు. యాకుప్ గొంతు బొంగురుపోయి, మెడలో జట్టు ఊదా పసుపు కండువాతో నేరుగా విమానాశ్రయం నుంచి వచ్చిపడ్డాడు. చేతులు కడుక్కుని, పసివాణ్ణి ఎత్తుకుని, మక్కా వైపు తిరిగి, కుడి చెవిలో అజాన్ చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత పేరు మూడుసార్లు చెప్పాలి. పొద్దుటి నుంచీ ఒకే మాట అరిచిన నాలుక అది. అందరూ వింటుండగా, "వాండర్లీనో, వాండర్లీనో, వాండర్లీనో" అంది. మూడోసారి యాకుప్ చిన్నగా ఎగిరాడు కూడా.

మూలనున్న ఒక ముసలాయన అలవాటు కొద్దీ "ఆమీన్" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నిజానికి తీసుకోవచ్చు. "నాలుక జారింది, క్షమించండి" అంటే అందరూ నవ్వేసి మళ్లీ చెప్పించేవాళ్లు. కానీ ఇంతమంది చుట్టాలు నోళ్లు తెరుచుకుని తనవైపే చూస్తుంటే యాకుప్‌కి ఒళ్లు మండింది.

"ఏంటలా చూస్తారు? ఆలోచించే పెట్టాను. గొప్ప ఆటగాడి పేరు. వీడు లీనో" అన్నాడు.

గులిజార్ అందరి ముందూ ఏడవలేదు. లేచి వచ్చి పిల్లవాణ్ణి అతని చేతుల్లోంచి తీసుకుంది. "మామయ్యా, మా నాన్నకి సమాధి లేదు. ఇప్పుడు పేరు కూడా లేకుండా చేశారు. ఆలోచించి చేశారో, నోరు జారి చేశారో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ మాట మీరు ఒప్పుకునేదాకా వీణ్ణి మీ చేతికివ్వను."

"ఆ వాండర్లీనో గోల్స్ కొడతాడు, నువ్వే వచ్చి వీణ్ణి ఇస్తావు" అన్నాడు యాకుప్.

"ఒక్కటి కొట్టనివ్వండి చాలు, నేనే తెచ్చి ఇస్తాను" అంది.

ఊరంతా అప్పటికే లీనో అని పిలుస్తున్న ఆ స్ట్రైకర్ మొదటి ఆటలో బంతిని గోలు కంబానికి కొట్టాడు. రెండో ఆటలోనూ అదే కంబం. మూడో ఆటలో ఎదుట గోల్‌కీపర్ కాలు జారి పడిపోతే, ఖాళీ గోలు వదిలేసి పాపం అతణ్ణి లేవదీశాడు. గడ్డి పొడుగ్గా ఉందని క్లబ్బు వాళ్లన్నారు. గడ్డి కోశాక పొట్టిగా ఉందన్నారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. శరత్కాలం వెళ్లి హంసి చేపలు పడే చలికాలం వచ్చింది, లీనో లెక్క సున్నా దగ్గరే కూర్చుంది.

ఇక తిట్లు మొదలయ్యాయి. మా ఊరి తిట్లకు ఒక పద్ధతుంది. మనిషితో మొదలుపెట్టి, అతని తల్లిదండ్రుల మీదుగా, పుట్టబోయే మనవల దాకా వెళ్తాయి. ప్రతి తిట్టు చివరా "లీనో" అని రాగం. స్టేడియంలో నాలుగు వేలమంది ఒక్కసారిగా లీనోని పాడె ఎక్కిస్తుంటే, మధ్యలో కూర్చున్న యాకుప్‌కి కనపడేది మైదానంలో లీనో తొమ్మిదో నంబరు చొక్కా కాదు, ఇంట్లో ఉయ్యాల. ప్రతి శాపం పోయి పోయి పసివాడి మీద పడుతున్నట్టే ఉండేది. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడి, వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో దూరం నుంచే చూసుకునేవాడు. ఎత్తుకోవాలని చేతులు లాగేసేవి. ఒక్క మాట ఒప్పుకుంటే చేతుల్లో పడతాడు. ఆ ఒక్క మాటే గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

చివరికి అతనికి ఓ ఉపాయం తట్టింది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ నురగ రాసి, కత్తి నూరి, గొంతు మీద ఆనించి ఆగేవాడు. "అన్నా, వాణ్ణి తిట్టు, నేను వద్దనను. పేరు పెట్టి మాత్రం తిట్టకు. తొమ్మిదో నంబరోడా అను, సరిపోతుంది." కత్తి కింద కాదనేవాడెవడు? నెల తిరగకుండా ఊరు ఊరంతా ప్రమాణం చేసింది. అప్పట్నుంచీ స్టేడియంలో "ఒరే తొమ్మిదీ, నీ వంశం మునగ" అని కేకలు. అలవాటు బయటికి కూడా పాకింది. తొమ్మిదో నంబరు బస్సు వస్తే జనం ఉమ్మేసి నడిచి వెళ్లేవాళ్లు. వీధిలో తొమ్మిదో ఇంట్లో ఉండే మందుల కొట్టాయన తలుపు మీద అంకె చెరిపించుకున్నాడు. బడిలో పిల్లలు ఎనిమిది తరవాత పది అంటుంటే పంతులమ్మ ఎవరికి చెప్పుకోవాలో తెలియక యాకుప్ కొట్టుకొచ్చి పోట్లాడి వెళ్లింది.

మాట వినని వాడు ఒక్కడే, చేపల జాఫర్. వాడు గడ్డం పెంచాడు, కత్తి భయం లేదు. సాయంత్రానికి అమ్ముడుపోని చేపల్ని ఒక తట్టలో పోసి, "రండమ్మా, వల్లో పడని లీనోలు, సగం ధరకే" అని అరిచేవాడు. ఓరోజు గులిజార్ పిల్లవాణ్ణి చంకనేసుకుని అటుగా వెళ్తూ విన్నది. ఆ తట్ట ఎత్తి జాఫర్ నెత్తిన బోర్లించిందట. "మా వాడి పేరు ఇంకోసారి చేపకి పెట్టావంటే నిన్నే ఎండబెడతా" అందట. ఆ సాయంత్రం ఆమెకి వొంటినిండా పొలుసులు. ఏమైందని అత్తగారు హవ్వా అడిగితే, ఏమీ లేదు, చేపలు తాజాగా లేవు, అని స్నానానికి వెళ్లిపోయింది. ఈ కథ యాకుప్ చెవిన పడలేదు. పడినా నమ్మేవాడు కాదు.

అతని బుర్ర అప్పటికి వేరే చోట ఉంది. లీనోకి దిష్టి తగిలిందని తేల్చేసుకున్నాడు. అంత ఆర్భాటంగా భుజాలకెత్తుకుంటే తగలదా మరి? సీసం పోసి దిష్టి తీసే షెరీఫె అవ్వని పిలిపించాడు. క్లబ్బు దుబాసీ ఉఫుక్‌కి చెప్పి, ఉచితంగా గడ్డం గీస్తానని లీనోని కొట్టుకి రప్పించాడు. ఉఫుక్‌ది ఒక చిత్రమైన పనితనం. లీనో పది నిమిషాలు చేతులు తిప్పుతూ ఏదో చెప్తే, వీడు "సరేనంటున్నాడు" అనేవాడు. ఆ రోజూ సరేనన్నాడనే చెప్పాడు.

సగం గడ్డం గీశాక యాకుప్ అతని మీద దుప్పటి కప్పాడు. అవ్వ అతని తల మీదుగా చన్నీళ్ల గిన్నె పట్టి, కరిగిన సీసం అందులో గుమ్మరించింది. చిటపటమని పేలింది. దుప్పటితో సహా లేచిన లీనో ఒక చెంప నురగతో రేవు వీధి చివరిదాకా పరిగెత్తాడు. టీ కొట్టు ముందున్నవాళ్లు గ్లాసులు పక్కన పెట్టి లేచి నిలబడి చూశారు. అతనికి అంత వేగం ఉందని ఆరోజే తెలిసింది.

అవ్వ మాత్రం నీళ్లలో గడ్డకట్టిన సీసాన్ని తిప్పి తిప్పి చూసింది. నున్నగా ఉంది.

"దిష్టి లేదు గిష్టి లేదు నాయనా. ఇతణ్ణి చూసి ఎవరూ కుళ్లుకోలేదు. కుళ్లుకోవడానికేముంది? ఇతగాడి ఆటే ఇంత" అని గిన్నె సర్దుకుంది.

సీజన్ చివరి ఆట దాకా యాకుప్ ఆశ చావలేదు. ఆఖరి నిమిషాల్లో లీనో ముందుకు బంతి వచ్చింది. గోల్‌కీపర్ లేడు, అడ్డం ఎవరూ లేరు, గోలు నోరు తెరుచుకుని ఉంది. లీనో తన్నాడు. బంతి గోలు మీదుగా, గోడ మీదుగా వెళ్లి నల్లసముద్రంలో పడింది. ఆ పూట ఎవరూ తిట్టలేదు. తిట్లు కూడా అయిపోయాయి.

క్లబ్బు అతణ్ణి వదిలించుకుంది. వచ్చినప్పుడు ఊరంతా వెళ్లింది. వెళ్లేటప్పుడు బస్టాండులో అతనూ, పెట్టే, పక్కన ఉఫుకూ. యాకుప్ ఒక్కడూ వెళ్లాడు. కడుపులో ఉన్నదంతా కక్కేద్దామనే వెళ్లాడు. నీ వల్ల నా మనవడు నా చేతికి రాలేదురా, అని మొదలుపెట్టి, విమానాశ్రయం, అజాన్, పేరు, అన్నీ చెప్పేశాడు. ఉఫుక్ మొదటిసారి ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. లీనో మొహం తెల్లబోయింది. చాలాసేపు నెమ్మదిగా మాట్లాడాడు.

"వాళ్ల నాన్నకి ఫుట్‌బాల్ పిచ్చంట, యాకుపన్నా," అన్నాడు ఉఫుక్. "వాళ్ల ఊరి జట్టులో వాండర్లీనో అని ఒకడుండేవాడంట. వాడి పేరు ఈయనకి పెట్టాడంట."

"ఆ వాండర్లీనో అయినా గోల్స్ కొట్టేవాడా?"

ఉఫుక్ అడిగాడు. "లేదంట."

బస్సు వచ్చి ఆగింది. లీనో ఇంకా చెప్తూనే ఉన్నాడు.

"ఈయనకి చిన్నప్పట్నుంచీ రొట్టెల కొట్టు పెట్టుకోవాలనుండేదంట. ఆ పేరు పెట్టుకుని బంతి తన్నకపోతే ఎలాగని నాన్న వదల్లేదంట. పోయేదాకా ఆయన తప్పు ఒప్పుకోలేదంట. మీరాయన లాగే ఉన్నారంటున్నాడు." ఉఫుక్ కళ్లు తుడుచుకున్నాడు. "పిల్లాడికి వేరే పేరు పెట్టండి, బతిమాలుతున్నానంటున్నాడు."

యాకుప్ అతని పెట్టె తనే ఎత్తి బస్సులో పెట్టాడు.

ఇంటికొచ్చి హవ్వాతో చుట్టాలందర్నీ మళ్లీ పిలిపించాడు. అదే గది, అవే పళ్లేలు. పిల్లవాడికి అప్పటికి నాలుగు పళ్లొచ్చి సోఫాలు పట్టుకుని నడుస్తున్నాడు. యాకుప్ నిలబడ్డాడు.

"ఆ రోజు నేను ఆలోచించి పెట్టలేదు. అరిచీ అరిచీ అదే నోట్లో ఉండిపోయింది. సరంగు పేరు నిలబెడతానని మాటిచ్చి, నాలుక జారి, దాన్ని పౌరుషం కింద దాచుకున్నాను. తప్పు నాది గులిజార్. వాణ్ణి ఇలా ఇవ్వమ్మా, సరిచేస్తాను."

గులిజార్ ఇచ్చింది. ఇన్నాళ్లకు ఆ బరువు చేతుల్లో పడేసరికి అతను అజాన్ సగంలో తప్పాడు. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాడు. "ఇద్రిస్" అన్నాడు. పిల్లవాడు తాత మీసం పీకుతున్నాడు. "ఇద్రిస్" అన్నాడు మళ్లీ. మూడోసారి నోరు తెరిచేలోగా గులిజార్ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపండి మామయ్యా."

"అదేంటమ్మా, నువ్వడిగిందేగా?"

"నేనడిగింది ఆ మాట ఒప్పుకోమని. ఒప్పుకున్నారు. మా నాన్న విన్నాడు, చాలు." ఆమె కళ్లు తుడుచుకుని పిల్లవాడి చొక్కా సర్దింది. "లీనో అన్న పేరు కోసం నేను బజార్లో చేపల తట్టతో కొట్లాడాను. ఇంటికొచ్చి పొలుసులు ఏరుకున్నాను. ఏడాది పాటు ఊరంతా తిడుతుంటే వీణ్ణి ఈ పేరుతోనే జో కొట్టాను. ఇప్పుడొచ్చి మారుస్తానంటే ఊరుకుంటానా? ఆ ఆటగాడు బస్సెక్కి వెళ్లిపోయాడుగా. ఇక ఈ ఊళ్లో లీనో అంటే మా వాడొక్కడే. లీనో, తాతని కొరక్కు."

పిల్లవాడు మీసం వదిలేసి అమ్మవైపు తిరిగాడు.