దించకూడని గెల

లోవమ్మ తుని వైపు నుంచి రావులపాలెం వచ్చి మూడు నెలలు. తండ్రి బుల్లియ్యకి అరటి మార్కెట్లో లోడింగు పని. సెలవురోజుల్లో తనూ లారీ ఎక్కి, కింద నుంచి అందించే గెలల్ని అందుకునేది. నడుం వంచకుండా, మోకాళ్లు వంచి భుజానికెత్తుకోవాలి. దించేటప్పుడు చంటిపిల్లని పడుకోబెట్టినట్టు దించాలి. కాయ నలిగితే తిట్లే.

తొమ్మిదో తరగతిలో ఆమె పేరు వినగానే అందరూ నవ్వారు.

“మా మామ్మ కాలం పేరులా ఉందేంటే!” అంది కబడ్డీ కెప్టెన్ హారతి.

పీఈటీ రమేష్ బాబు గారు పేరు చూడలేదు. భుజాలు చూసి జట్టులో వేసేశారు.

మండల పోటీల్లో సెమీఫైనల్. కూతకొచ్చిన పిల్లని లోవమ్మ నడుం పట్టి గాల్లోకి లేపింది. అందరూ చప్పట్లు. చేతులకున్న అలవాటు ఊరుకుంటుందా? మెల్లిగా కింద పెట్టేసింది. ఆ పిల్ల చెయ్యి చాచి గీత ముట్టుకుంది.

ఒక్క పాయింటుతో గట్టెక్కారు గానీ, హారతి మండిపడింది. “అరటిగెలనుకున్నావేంటే?”

“దెబ్బ తగుల్తాదని...”

“సార్, ఫైనల్లో ఈ అమ్మాయి వద్దండి!”

“ఒక్క ఛాన్సు,” అన్నారు సారు. “మళ్లీ దించావో, ఇక జట్టులో ఉండవు.”

ఫైనల్లో చివరి కూత. స్కోరు సమానం. కోర్టులో హారతి, లోవమ్మ ఇద్దరే మిగిలారు. అవతలి జట్టు నుంచి సారిక వచ్చి హారతిని తాకింది. హారతి పట్టుకోబోయి బోర్లా పడింది. సారిక గీత దాటితే కప్పు వాళ్లదే.

లోవమ్మ అడ్డంపడి, తొడల కింద చేతులేసి, మోకాళ్లు వంచి భుజానికెత్తేసింది. సారిక కాళ్లు తన్నుకుంటోంది, వీపు మీద గుద్దుతోంది. కూత మాత్రం ఆపట్లేదు. లోవమ్మ చేతులు వాటంతటవే కిందికి దిగబోయాయి.

“దించకే! లోవా, దించకు!” నేల మీంచే అరిచింది హారతి.

ఆ బళ్లో ఆమెని అంత చనువుగా పిలిచినవాళ్లు అప్పటిదాకా లేరు. లోవమ్మ పళ్లు బిగించి స్తంభంలా నిలబడిపోయింది. సారిక కూత సన్నబడి, సన్నబడి, తెగింది. విజిల్!

అప్పుడు మాత్రం సారికని జాగ్రత్తగా కింద నిలబెట్టి, బట్టల మీద దుమ్ము దులిపింది. ఈలోగా జట్టంతా మీదపడి లోవమ్మని ఎత్తబోయి చతికిలబడింది.

“ఏం తింటావే తల్లీ!” రొప్పింది హారతి.

“నడుంతో కాదే, మోకాళ్లు వంచి ఎత్తాలి.”

వంచారు. ఎత్తారు. మైదానమంతా ఊరేగించారు.

“ఇంక దించండే!” అని లోవమ్మ ఎంత మొత్తుకున్నా, ఒక్కరూ దించలేదు.