చిన్నమ్మ పంపిన తేటనీళ్ళు

కడపలో మా నీటి పరీక్షల ల్యాబుకు రోజూ క్యాన్లు వస్తాయి. మూత తీయగానే నీళ్ళు మరీ తేటగా కనిపిస్తే నాకు చిన్నమ్మ గుర్తొస్తుంది. ఆ పూట ఇక పని సాగదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మైదుకూరు దగ్గర నేతగాళ్ళ ఊళ్ళో, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం చీరలు నేసేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబెడు నీళ్ళివ్వాలి. వానాకాలం కొళాయిలో ఎర్రనీళ్ళు వస్తే బిందెలో పటికముక్క తిప్పి, మన్ను అడుక్కు దిగినాక పైన తేరినవే చుట్టాలకు ముంచిచ్చేది. తను మాత్రం కొళాయి కింద చెంబు పెట్టి అట్లే తాగేది. "నాకేంటికి ఈ సోకంతా?" అనేది.

రెండేళ్ళ కిందట వానలప్పుడు ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. మాత్రలకు లొంగలేదు, మనిషి చిక్కిపోయింది. ఫోన్ చేశాను.

"కొళాయి నీళ్ళు క్యానుకు పట్టి బస్సులో పంపు చిన్నమ్మా, నేనే చూస్తా."

నేనే పోయి తెచ్చుకోవచ్చు. గంట దారి. పనుందనుకున్నాను, ఏదో రాజ్యాలేలుతున్నట్టు!

క్యాను వచ్చింది. నీళ్ళన్నీ సన్నని ఫిల్టరు గుండా పంపాను. దానిమీద నిలిచిన మడ్డిని కడిగి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున చేరిన చుక్కకు రంగుమందు కలిపి మైక్రోస్కోపు కింద చూశాను. పేగుల్లో చేరే పరాన్నజీవులుంటే గుడ్లలాంటి వాటి తిత్తులు ఆకుపచ్చగా మెరవాలి. ఒక్కటీ లేదు. సంబరంగా ఫోన్ చేసి, "నీళ్ళు బాగుండాయి, భయం లేకుండా తాగు" అన్నాను.

నా మాట నమ్మి ఇంకో నెల ఆ కొళాయి నీళ్ళే తాగింది.

ఆసుపత్రిలో చేర్చాక ఊరికి పోయి, నా చేత్తోనే కొళాయి నీళ్ళు పట్టి తెచ్చాను. ఈసారి గాజుపలక నిండా ఆకుపచ్చ చుక్కలు. డాక్టరుకు చెబితే మందు మార్చాడు. మంచం పక్కన కూర్చుని అడిగాను.

"ఆ పొద్దు యే నీళ్ళు పంపినావు చిన్నమ్మా?"

"పటిక తిప్పి, తేర్చి పంపినా నాయనా. నీ చేతికొచ్చే నీళ్ళు గదా, మన్నునీళ్ళు యెట్ల పంపేది?"

పటిక మన్నుతోపాటు ఆ తిత్తులనూ అడుక్కు లాగేసింది. ఆ మడ్డిని ఆమె పెరట్లో పారబోసింది. ఆమెను అనడానికేముంది? ఆ ఇంట్లో చుట్టాలకు తేటనీళ్ళు ముంచిచ్చినవాణ్ణే నేను. ముందే ఒక్కమాట అడగాలని నాకు తోచలేదు.

అప్పటికే ఆమె ఒంట్లో సత్తువ అయిపోయింది. పక్క మంచం ఆమెతో మాత్రం, "నీళ్ళ తప్పేం లేదమ్మా, మావోడే చూసినాడు" అని గొప్పగా చెప్పేది. పక్కనే కూర్చుని విన్నాను. రెండోసారి నీళ్ళలో ఏం తేలిందో ఆమెకు చెప్పనేలేదు. ఆ తర్వాత నాలుగో రోజు చిన్నమ్మ పోయింది.

ఇప్పుడు నిజం చెప్పేసి ఆమె చేత కడుపునిండా తిట్లు తినాలని ఉంది. తిట్టేదానికి ఆమె లేదు.