బోరు ఎండిన ఇంట నీళ్లు

మా నాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి, బోరు ఎక్కడ వేయాలో చెప్పేవాడు. నేను భూగర్భజలాల చదువు చదివి తిరుపతిలో పాఠాలు చెబుతున్నాను. ఆయన కొబ్బరికాయను నేను నమ్మను, నా యంత్రాలను ఆయన నమ్మడు. కానీ నాయనకు ఒక నియమం ఉండేది. తాను చూపిన చోట నీళ్లు పడకపోతే మర్నాడే ఆ ఇంటికి వెళ్లేవాడు. వాళ్లు తిట్టినంతసేపూ తిట్టించుకుని, వాళ్లిచ్చిన నీళ్లు తాగి వచ్చేవాడు.

వాతావరణ మార్పుల మీద ప్రభుత్వానికి సలహా ఇవ్వడానికి వేసిన స్వతంత్ర నిపుణుల సంఘంలో నన్నూ చేర్చినప్పుడు గర్వంగానే అనిపించింది. ఏ పార్టీకీ జంకకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు కదా అనుకున్నాను. సత్యవేడు వైపు కొన్ని ఊళ్లలో కొత్త బోర్లు ఆపాలని రాశాం. అందులో మా ఊరూ ఉంది. చెరువు కాలువలు బాగుచేయాలని, అందాకా తోటలకు ట్యాంకర్లతో నీళ్లివ్వాలని కూడా రాశాం. ప్రభుత్వ ఉత్తర్వులో బోర్లు ఆపాలన్న మొదటి మాట ఒక్కటే వచ్చింది.

గ్రామసభలో అధికారి మా నివేదిక పైకెత్తి, ఇది మా నిర్ణయం కాదు, నిపుణులది అన్నాడట. ఆ నిపుణులను పిలవమంటే వాళ్లు సభలకు రారన్నాడట. విని నాకు ఒళ్లు మండిపోయింది. సంఘంలో అడిగితే, సలహా ఇవ్వడంతో మన పని అయిపోయిందన్నారు. ఉత్తర్వు తప్పని నేను పేపరుకెక్కితే నివేదికనే చెత్తబుట్టలో వేసి, ఇష్టమొచ్చినట్టు బోర్లు దించుతారు. అప్పుడు ఊరికి తాగడానికీ నీళ్లుండవు. నోరు మూసుకుంటే మా పక్క పొలం మామ మామిడితోట ఈ ఎండలకే పోతుంది. ఆయన బోరు ఎండిపోయింది. కొత్తది వేసుకోనివ్వనిది నా సంతకమే. ఎటు కదిలినా ఎవరో ఒకరి గొంతు ఎండుతుంది.

ఊరికి వెళ్తే నాయన ఒక్క మాటే అడిగాడు.

"వాళ్లింటికి పోయినావా?"

వెళ్లాను. దారిపొడవునా పిందెలు రాలి ఉన్నాయి. మామ నన్ను వసారాలో కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు. మూలనున్న క్యాను చూస్తూనే అవి కొనుక్కున్న నీళ్లని తెలిసింది.

"భూమిలో నీళ్లు లేవని నువ్వు రాసింది నిజమే పాపా. కాదన్లేదు" అన్నాడు. "ఆ ఆఫీసరునడిగితే మీరు చెప్పినారంటాడు. మిమ్మల్నడిగితే ఆయప్ప చేసినాడంటారు. మేం ఓటేసినోడైతే దించేస్తాం. నిన్ను యాడ్నించి దించేది?"

తిట్టలేదు. నాయననైతే తిట్టేవాళ్లు. నన్నూ తిట్టి ఉంటే ఆ నీళ్లు తాగి లేచి వచ్చేదాన్ని. చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాను.